నగ వెనక వైపు

నగల కొట్లో కూర్చున్న ఆడవాళ్ళని గమనించండి. రెండు రకాలు కనబడతారు. నగ చేతికి రాగానే మెడ దగ్గర ఆనించుకుని అద్దం వైపు తిరిగేవాళ్ళు ఒక రకం. దాన్ని బోర్లించి వెనక వైపు చూసేవాళ్ళు ఇంకో రకం. నేను రెండో రకం. అంచేత నాతో కొట్టుకి రావడానికి మా వారికి భయం లేదు. వెనక చూసేవాళ్ళు కొనరని ఆయన ధైర్యం!

చాలావరకు నిజమే. ఇరవై ఏళ్ళుగా నాకు పాత నగల పిచ్చి అని అద్దంకిలో నలుగురికీ తెలుసు గాని, బీరువా తెరిచి లెక్కపెడితే నా సొత్తు ఏడు వస్తువులు. అందులో రెండు వెండివి. ఒకదానికి కొక్కెం లేదు. మిగతా సంపదంతా అట్టలు వేసిన నోటుపుస్తకాల్లో వుంది. ఏ ఇంట్లో ఏ నగ చూశాను, కొలతెంత, బరువెంత, ఎవరు ఎవరికి పెట్టారు, ఎన్నిసార్లు తాకట్టుకి వెళ్ళి ఎన్నిసార్లు తిరిగొచ్చింది, అన్నీ అందులో రాసుకున్నాను. దొంగలు పడితే బీరువా వాళ్ళకి వదిలేసి పుస్తకాలు పట్టుకుని పరిగెత్తుతానని మా అమ్మాయి వెక్కిరిస్తుంది.

వెనక ఏముంటుంది అంటారా? ముందు వైపు కెంపులూ పచ్చలూ చేసే ఆర్భాటంలో ఏమీ తెలియదు. వెనక్కి తిప్పితే పనివాడు దొరుకుతాడు. రేకు ఎలా మలిచాడో, లక్క ఎక్కడ నింపాడో, టంకం ఎక్కడ వేశాడో తెలుస్తుంది. విరిగితే అతికించిన చోట రంగు పిసరంత తేడాగా వుంటుంది. చెవి నగైతే శీల చూడాలి. చేత్తో తీసిన మర కాస్త ఎగుడుదిగుడుగా పోతుంది. మిషను మర చీమలబారులా సమంగా వుంటుంది. ఒంటికి తగిలే చోట అరుగుదల చూస్తే ఆ నగ పెట్టెలో దాచిందో, రోజూ పెట్టుకున్నదో చెప్పెయ్యొచ్చు. బి.ఏ.లో నేను చదివిన చరిత్రలో ఇదేమీ లేదు. మా ఊరి ముసలి ఆచారిగారి కుంపటి పక్కన పీట వేసుకు కూర్చుని నేర్చుకున్నాను. ఆయన భూతద్దం కన్నా తన బొటనవేలిని ఎక్కువ నమ్మేవారు.

మన వైపు ప్రతి ఇంట్లోనూ ఒక మూడు వందల ఏళ్ళ నగ వుంటుంది. అదేమిటో గాని, రెండు వందల తొంభై అని ఎవరూ అనరు! ఓసారి ఒక పెద్దావిడ తన కాసులపేరు అలాగే నా ఒళ్ళో పెట్టారు. కాసులపేరు చాలా నిజాయితీ గల నగ. నిజం కాసులతో చేసిందైతే వయసు తన ఒంటి మీదే రాసుకుని వుంటుంది. విక్టోరియా రాణి సవరసుల మీద 1887 దాకా పడుచు ముఖం, ఆ తరవాత చిన్న కిరీటం పెట్టుకున్న పెద్దావిడ ముఖం, 1893 నుంచి మేలిముసుగు వేసుకున్న ముసలి ముఖం. ఈవిడ కాసుల్లో రాణిగారి మూడు ముఖాలూ వున్నాయి. వాళ్ళ పక్కనే అయిదో జార్జి కూడా వున్నాడు. జార్జి కాసొకటి తిప్పితే 1918. ఆ అంకెల పైన ఇంగ్లీషు 'ఐ' అక్షరం, ఆవగింజంత. అంటే బొంబాయిలో అచ్చు వేసింది. ఆ ఒక్క ఏడాదే అక్కడ సవరసులు వేశారు. అప్పుడు బయటపడింది అసలు కథ. ఆవిడ నాయనమ్మ మిరపకాయలు అమ్మిన ఏడాదికో కాసు చొప్పున చేర్చుకుంటూ పోయిందట. మూడు వందల ఏళ్ళు పోయి ముప్ఫై ఏళ్ళ కష్టం దొరికినందుకు పెద్దావిడ మొదట చిన్నబుచ్చుకున్నారు. తరవాత కాఫీ ఇచ్చారు.

ఎర్రరాళ్ళ సంగతీ అంతే. కెంపుని ప్రయోగశాలలో తయారుచేసే పద్ధతిని వెర్నూయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1902లో లోకానికి చెప్పాడు. ఆ రాళ్ళు మన దక్షిణాది నగల్లోకి బియ్యంలో నూకల్లా కలిసిపోయాయి. భూతద్దంలో గుండ్రటి గాలి బుడగలో, వంపు తిరిగిన గీతలో కనబడ్డాయా, ఆ రాయి బహుశా అంతకు ముందుది కాదు. అలాగని నగ మొత్తాన్ని కొత్తదనేస్తే తప్పు. రాయి ఊడిపోతే తరవాతెవరో వేయించి వుండొచ్చు.

ఇక రవ్వల దుద్దులున్న మామ్మలు "బ్లూ జాగర్ అమ్మా!" అని చెవులు ఊపి మరీ చెబుతారు. జాగర్ అంటే దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటీన్. అక్కడ వజ్రాలు దొరికింది 1870లో. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో అరవై వేలమంది పనిచేస్తున్నారని పదిహేడో శతాబ్దంలోనే టావెర్నియే రాసిపెట్టాడు. కోహినూరు కూడా అక్కడిదేనంటారు. ఆ గని ఇవాళ పులిచింతల నీళ్ళ కింద వుంది. అటువంటి వజ్రాల సీమలో పుట్టిన మామ్మ చెవులకి ఆఫ్రికా రవ్వలు! ఆ మాట మామ్మతో అనకండి.

ఇంకా వెనక్కి వెళ్ళాలంటే అమరావతి శిల్పాలున్నాయి. ఆ స్త్రీల కాళ్ళకి ఎంతెంత లావు అందెలో! శిల్పి కల్పన అని కొట్టిపారెయ్యడానికి లేదు. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక జత బంగారు చెవి నగలున్నాయి. క్రీ.పూ. ఒకటో శతాబ్దానివి, బహుశా ఆంధ్ర ప్రాంతానివి అని మ్యూజియం వారే రాసుకున్నారు. వాటి మీద రెక్కల సింహం ఒకటి, ఏనుగు ఒకటి. చెవి తమ్మె సాగిపోయేంత బరువు. ఆ ఫోటో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంత బరువు మోసిన చెవి ఎవరిది?

మా అద్దంకి సంగతే చూడండి. క్రీ.శ. 848 నాటి పండరంగని శాసనం మా ఊరిదే. పండరంగడు పన్నెండు బోయకొట్టాలు గెలిచిన సంగతి అందులో పద్యంగా వుంది. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి మొదట రాజధాని చేసుకున్నదీ మా ఊరినే. ఎర్రాప్రగడ ఆయన ఆస్థాన కవి. మగవాళ్ళ సంగతులకి రాళ్ళున్నాయి, పద్యాలున్నాయి. మా అమ్మమ్మ వాళ్ళమ్మ సంగతి తెలియాలంటే నాకు దొరికింది ఒక జత బావిలీలు.

నోటుపుస్తకాల్లో నేను అన్నిటికన్నా అపురూపంగా దాచుకున్నవి పేర్లు. చెంపసరాలు, బావిలీలు, నాను, కంటె, పట్టెడ, అడ్డబాస, సందిదండలు, జడకుప్పెలు, రాగిడి. ఈ కాలపు పిల్లలకి ఇవన్నీ కలిపి 'యాంటిక్ సెట్టు'! ఒకే వస్తువుకి గుండ్లకమ్మ ఇవతల ఒక పేరు చెబుతారు, అవతల ఇంకో పేరు. తగువు తేలకపోతే బ్రౌన్ దొర నిఘంటువు తెరుస్తాను. పేరు అందులో దొరికిందంటే ఆ పూట కూర మాడినా నాకు పట్టదు. నగల చిట్టా రాయడంలో నాకు గురువు భద్రాచల రామదాసు. చెరసాలలో కూర్చుని, ఎవరికి ఏ నగ చేయించాడో, దానికెంతయిందో కీర్తనలో ఏకరువు పెట్టాడు. చింతాకు పతకం, కలికితురాయి అన్న పేర్లు ఇవాళ్టికీ మన నోళ్ళలో ఆడుతున్నాయంటే ఆ లెక్క పుణ్యమే.

మరి నిజంగా పాతవి ఇంత తక్కువెందుకు కనబడతాయి? మన ఆడవాళ్ళకి నగ సింగారమూ, బ్యాంకూ రెండూనూ. పెళ్ళికాని కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు మన రాష్ట్రంలో 1985లో గాని రాలేదు. ఆడపిల్ల చేతికి వచ్చేది బంగారమే, అవసరం పడితే ముందు పోయేదీ అదే. 1963లో బంగారం నియంత్రణ వచ్చి, పద్నాలుగు క్యారెట్లు మించిన నగ కొత్తగా చెయ్యకూడదన్నారు. "కుంపటి ఆరిపోయిన రోజులు" అనేవారు ఆచారిగారు. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. నేనప్పుడు చిన్నపిల్లని. మా వీధిలో ఆడవాళ్ళ మెడలు ఒక్కొక్కటే బోసిపోవడం గుర్తుంది. ఆ రోజుల్లో మూసలో పడి కరిగిపోయిన కంటెలెన్నో, పట్టెడలెన్నో! నూరేళ్ళు దాటిన వస్తువుని దేశం దాటించకూడదని 1972లోనే చట్టం చేశారు. మూసలోకి దాటించడానికి మాత్రం అడ్డేమీ లేదు.

ఇక్కడే నా సరదా నాకు కాస్త చేదుగా తగులుతుంది. ఏ ఇల్లూ సుఖంగా వుండి పాత నగ బయటికి తియ్యదు. "ఒకసారి వచ్చి చూసిపెట్టమ్మా" అని నాకు కబురొచ్చిందంటే ఆ ఇంట్లో పెళ్ళన్నా వుండాలి, ఆస్పత్రి ఖర్చన్నా వుండాలి, అప్పన్నా వుండాలి.

2017లో మిరప ధర పడిపోయింది. పక్క పల్లెలో వున్న అత్తయ్య, నాకు దూరపు వరస, కబురు పెట్టింది. కొడుకు కౌలుకి తీసుకుని మిరప వేశాడు. టిక్కీలు కోల్డు స్టోరేజీలో వున్నాయి, అప్పు వడ్డీ మీద వుంది. ఆవిడ పసుపుగుడ్డ మూట విప్పి నాగరం తీసింది. తల వెనక, జడ మొదట్లో పెట్టుకునేది. అయిదు పడగల పాము, పడగ పడగకీ ఒక కెంపు.

"అమ్మాయ్, కొట్లో ఇయ్యబోయే ముందు నువ్వొకసారి జూడు. వాళ్ళు తక్కువ గట్టకుండా ఎంతుంటదో చెప్పు" అంది.

నేను కొనగలిగిన వస్తువు కాదది. కొనగలిగినా, ఆవిడ కష్టంలో బేరమాడే నోరు నాకు లేదు.

"ఒక వారం నా దగ్గర వుంచుతారా, అత్తయ్యా?" అన్నాను.

"వడ్డీ ఆగుద్దంటే నెలైనా ఉంచుకోవే" అని నవ్వింది. చివరికి మూడు రోజులు ఇచ్చింది.

మొదటిరోజు ఫోటోలూ, కొలతలూ, బొమ్మా. రెండో రోజు ఆచారిగారి దగ్గరికి తీసుకెళ్ళాను. అప్పటికి ఆయనకి చూపు మందగించింది. నాగరం అరచేతిలో వేసుకుని బొటనవేలితో తడుముతూ కాసేపు ఊరికే కూర్చున్నారు. "ఇద్దరు చేశారమ్మా ఇది" అన్నారు. నాలుగు పడగలు ఒక చేతివి, అయిదోది వేరే చెయ్యి. నేను భూతద్దం పెట్టి చూశాను. ఆ అయిదో పడగ కెంపులో మాత్రమే బుడగలున్నాయి! ఎప్పుడో విరిగితే కొత్తది చేయించి అతికించారన్నమాట. వెనక, కొంకి దగ్గర మసి తుడిస్తే సూదితో గీసినట్టు తెలుగు మూడు అంకె. దాని పక్కన 'మ' అన్న అక్షరం.

మూడంటే మూడు తులాలన్నారాయన. లక్క నింపకముందు బంగారం తూచి గీశాడంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేసేవాడట. మూడు తులాలంటే దాదాపు 35 గ్రాములు. మూడో రోజు అత్తయ్య ఎదుటే లక్కా రాళ్ళూ తీసేసి తూస్తే 33 తేలింది.

"మిగతా రెండు గ్రాములూ ఏమయినట్టు?" అన్నాను.

"జడల్లో" అన్నారు ఆచారిగారు.

'మ' ఎవరని అత్తయ్యని అడిగాను. ఆవిడ చప్పున చెప్పలేదు. లక్క పెచ్చులు ఒక్కొక్కటే ఏరి కాగితంలో వేస్తూ చెప్పింది.

"మా మామగారి మొదటి పెళ్ళాం. తొలికాన్పులోనే పోయిందంట. ఆ పేరు ఇంట్లో ఎత్తేవాళ్ళు గాదు, మా అత్తగారు బాధపడుద్దని. నా పెళ్ళికి ఇది నా తల్లో పెట్టింది మాత్రం మా అత్తగారే. 'పెద్దామెది, జాగర్త' అంది, అంతే. ఇంకో మాట అన్లేదు."

ఆ తరవాత పేరు చెప్పింది. చెప్పి, ఎవరన్నా విన్నారేమోనని గుమ్మం వైపు చూసింది, వినడానికి ఇంట్లో పాతతరం ఎవరూ మిగలకపోయినా. ఆ పేరు నేనిక్కడ రాయను. ఆ అమ్మాయికి ఫోటో లేదు, పిల్లలు లేరు, ఆవిడ పేరు పెట్టుకున్న మనవరాలు లేదు. ఇరవై ఏళ్ళు నిండాయో లేదో.

నాగరం అమ్మొద్దని నేను అనలేదు. ఆ మాట అనే హక్కు వడ్డీ కట్టేవాళ్ళకి వుంటుంది. అత్తయ్యే ఆచారిగారిని అడిగింది, "ఆ కొంకి ముక్క మటుకు కోసిస్తారా?" అని. ఆయన కోసి, అంచులు నున్నగా ఆకురాయి పట్టి, చిన్న రింగు వేసి ఇచ్చారు. గోరంత ముక్క. మజూరీ తీసుకోలేదు.

మిగతాది మర్నాడు కొట్లో మూసలోకి పోయింది. కెంపులకి విలువ కట్టలేదు, పొట్లం కట్టి వెనక్కిచ్చారు. ఆ ఏటికి వడ్డీ తీరింది, అసలు అలాగే వుంది. నా పుస్తకంలో నాగరానికి నాలుగు పేజీలున్నాయి.

అత్తయ్య ఆ ముక్కని మెడలో గొలుసుకి తగిలించుకుంది, అక్షరం వున్న వైపు లోపలికి, ఒంటికి ఆనేట్టు. ఒకసారి కనబడితే, "అలా వేసుకుంటే అరిగిపోద్ది అత్తయ్యా, బయటికి తిప్పుకోండి" అన్నాను.

"ఇన్నాళ్ళకి మనిషి దగ్గర ఉంది, ఉండనీలే" అంది.

2021 నుంచి కొత్త నగలకి హాల్‌మార్కుతో పాటు అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరింటి గుర్తు ఒకటి వేస్తున్నారు. మంచిదే, మోసపోము. కాని అందులో చేసినవాడి పేరూ లేదు, పెట్టుకున్నావిడ పేరూ లేదు. అందుకని ఎవరు నగ కరిగించబోతున్నా నేను ఒక్కటే బతిమాలుతాను. తెల్లకాగితం మీద దాన్ని బోర్లా పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీత గీసి, బరువు రాసి, అది ఎవరిదో, మీ వైపు దాన్నేమంటారో రెండు ముక్కలు రాసి పెట్టుకోండి. ఫోనుతో ఫోటో తీస్తే వెనక వైపు కూడా తియ్యండి. పది నిమిషాల పని.

వచ్చే ఆదివారం గుండ్లకమ్మ అవతలి ఊరు వెళ్ళాలి. అక్కడొక ముసలమ్మ దగ్గర అడ్డబాస వుందిట. మనవరాలు ఫోను చేసి చెప్పింది. అమ్మడానికి కాదుట, ఊరికే చూపించడానికే. ఈ మాట విని ఎన్నాళ్ళయిందో! భూతద్దం తుడిచి సంచిలో పెట్టుకున్నాను. మా వారు కూడా వస్తానంటున్నారు.