కటికి దారిలో చిన్న గేరు

మా తమ్ముడు విశాఖ ఏజెన్సీలో డాక్టరు. బండి కొనాలనుకుంటున్నాననీ, ఒకసారి వచ్చి వెళ్ళమనీ కబురు చేశాడు. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు గురువు, లఘువు తెలుసునుగాని గేర్ల సంగతేం తెలుసు? అయినా అన్నగారిని గదా, సలహా ఇవ్వకుండా ఎలా ఉంటాను? విశాఖపట్నంలో కిరండూలు రైలెక్కి, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ బొర్రా గుహల స్టేషనులో దిగాను.

వాడికి బండి సరదా కోసం కాదు. కిందటి వానాకాలంలో ఒక కొండపల్లె నుంచి నిండు చూలాలిని డోలీ కట్టి మోసుకొచ్చారు. ఎదురు వెళ్ళిన వీడి కారు సగం దారిలో బురదలో కూలబడింది. ముందు చక్రాలు గిర్రున తిరిగాయి గాని, బండి అంగుళం కదలలేదు. తల్లీబిడ్డా దక్కారు. అయినా ఆ రెండు గంటలూ వాడి మనసులోంచి పోలేదు.

"ఇంజను పెద్దదిగా ఉన్న బండి కొను. అన్నీ అదే ఎక్కుతుంది" అన్నాను.

వాడు నవ్వి, "ముందు కటికి జలపాతం చూసి వద్దాం రా, అన్నయ్యా" అన్నాడు.

ఆ దారి మామూలు కార్లకు లొంగదు. బొర్రాలో జీపు మాట్లాడుకున్నాం. డ్రైవరు తల పండిన మనిషి. 1941లో యుద్ధం కోసం తయారైన విల్లీసు జీపులో మూడు కర్రలుండేవట. ఒకటి గేర్లకు, ఒకటి ముందు చక్రాలకు కూడా శక్తి అందించడానికి, మూడోది చిన్న గేరుకు. నేటి జీపుల్లో రూపం మారినా ఏర్పాటు అదే.

రాళ్ళ ఎక్కుడు రాగానే అతను బండి ఆపి, చిన్న గేరు వేశాడు. జీపు బరువు లాగే ఎద్దులా అడుగులో అడుగు వేసుకుంటూ ఎక్కింది. ఈ గేరులో వేగం సుమారు రెండున్నర రెట్లు తగ్గుతుందట. చక్రాన్ని తిప్పే బలం దాదాపు అన్ని రెట్లూ పెరుగుతుందట. దిగుడులో అతని కాళ్ళు రెండూ ఖాళీగా ఉండటం చూసి నా గుండె జారింది.

"ఇంజనే పట్టి దింపుతుంది మేష్టారూ. అదే పనిగా బ్రేకు తొక్కితే వేడెక్కి పట్టు పోతుంది. బురదలో చక్రం బిగిసిందా, జారిపోతాం" అన్నాడు.

కొంత నడిచి గోస్తనీ నీళ్ళు బండల మీద తెల్లగా విరిగిపడటం చూసి, తిరిగి వచ్చాం. తారురోడ్డు ఎక్కగానే అతను ముందు చక్రాలకు శక్తి ఆపేశాడు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే దూరం పోవు గనక, పొడి రోడ్డు మీద రెంటినీ కలిపి ఉంచితే ఇరుసుల మధ్య పీకులాట పుట్టి, సామాను అరిగిపోతుందట.

"చూశావా! ఆటోమేటిక్కు వద్దు, చేతి గేర్లదే కొను" అన్నాను తమ్ముడితో.

"ఆయన క్లచ్చి వదిలినప్పుడు నీకు కుదుపు తెలిసిందా?"

"లేదు."

"నేను వదిలితే తెలుస్తుంది. వెనక సీటులో నొప్పులు పడుతున్న మనిషికి ఇంకా బాగా తెలుస్తుంది."

డ్రైవరు నన్ను సమర్థిస్తాడనుకున్నాను. అతను తల ఊపి, "డాక్టరు బాబు మాటే నిజం. ఎక్కుడులో బండి ఆపి మళ్ళీ కదిలించడానికి ఆటోమేటిక్కే సుఖం. చిన్న గేరు మాత్రం ఉండి తీరాలి. దిగేటప్పుడు పై గేరుకు పోనివ్వకుండా ఒకటిలోనే కట్టేసుకోవాలి" అన్నాడు. ఇక నేను మాట్లాడలేదు.

తమ్ముడు అలాంటి బండే కొన్నాడు. ఈ వానాకాలంలో ఒక రాత్రి ఫోను చేశాడు. అదే పల్లె నుంచి మరో చూలాలిని తీసుకువచ్చాడట.

"ఎంతసేపు పట్టిందిరా?" అన్నాను ఆత్రంగా.

"చాలాసేపే పట్టింది, అన్నయ్యా. ఎక్కడా ఆగకుండా నెమ్మదిగా వచ్చాం. ఆడపిల్ల" అన్నాడు.