దింపు రోజున కదలని కుక్క

గోదావరి నది గౌతమీ, వసిష్ఠ పాయల నడుమ సముద్రం దాకా పరుచుకున్న కోనసీమలో చాలాచోట్ల ఇంటికీ తోటకూ మధ్య గోడ ఉండదు. పెరటి గుమ్మం దాటితే కొబ్బరిచెట్లు, వాటి వెనుక పంటకాలువ, కాలువగట్టు మీద ఊరంతా నడిచే దారి కనిపిస్తాయి. ఇలాంటి చోట పెరిగే కుక్కకు తన హద్దు ఎక్కడిదాకా ఉందో కంటితో చూసి తెలుసుకునే వీలుండదు కనుక, ఆ హద్దును ఇంటివారే ఓర్పుగా నేర్పవలసి వస్తుంది. కొత్తపేట నుంచి అమలాపురం మీదుగా రాజోలు సీమ వరకు సాగిన ఈ పర్యటనలో ప్రధానంగా గమనించినది కూడా ఆ నేర్పు పద్ధతినే.

కొత్తపేట పరిసరాల్లోని ఒక తోటకు సందర్శకులు చేరుకున్న ఉదయం అక్కడ దింపు జరుగుతోంది. దింపు అంటే చెట్టెక్కి ముదిరిన గెలలను నరికి కిందికి వదలడం. నెలన్నరకో రెండు నెలలకో వచ్చే ఆ రోజున, డొక్కతో సహా కిలో పైచిలుకు తూగే కాయలు 50, 60 అడుగుల ఎత్తు నుంచి రాలుతుంటే, వాటి వెంట పరుగెత్తే కుక్కకు ప్రాణాపాయమే. చెట్టెక్కబోతున్న కార్మికుడు "కుక్కని కట్టేశారాండీ?" అని అడగగా, ఆ ఇంటి ఇల్లాలు "ఆయ్, కూర్చుందండీ, కదల్దు" అని బదులిచ్చారు. వసారాలో గోనెసంచి మీద తేనెరంగు నాటుకుక్క ఒకటి కూర్చుని ఉంది. మొదటి గెల ధబ్బుమని పడగానే దాని చెవులు నిక్కాయి, ముందుకాళ్ళు లేచాయి, నడుము సగం పైకి వచ్చింది. ఆమె అరచేయి చూపి మెల్లగా "ఉండు" అనగానే మళ్ళీ సంచి మీద చతికిలబడింది, ఆ క్షణంలోనే గోరంత కొబ్బరిముక్క దాని నోటికి అందింది. దింపు ముగిసేలోగా ఈ తతంగం చాలాసార్లు నడిచింది, చివరికి వచ్చేసరికి ముక్క అవసరం లేకుండా "మంచిదానివి" అన్న ఒక్క మాటే సరిపోయింది.

ఈ నిలకడ ఒక్కరోజులో వచ్చింది కాదు. మొదట వంటింటి గుమ్మం దగ్గర ఒక్క అడుగు వెనక్కి వేసి, రెండు మూడు క్షణాలు ఆగి మెచ్చుకోవడంతో మొదలుపెట్టి, తర్వాత దూరాన్ని, వ్యవధిని కొద్దికొద్దిగా పెంచి, అటుపైన ఎండుమట్టను నేల మీద పడేసి ఆ చప్పుడుకు అలవాటు చేసి, చివరికే తోటలోకి తెచ్చారు. శిక్షణ శాస్త్రం కూడా ఇదే క్రమాన్ని చెబుతుంది. జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి పొందిన రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్, మేత తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే కుక్కల నోట లాలాజలం ఊరడాన్ని గమనించి, రెండు సంగతులు వెంటవెంటనే జరిగితే జంతువు వాటిని ముడివేసుకుంటుందని నిరూపించాడు. అదేవిధంగా, చేసిన పనికి వెంటనే దక్కే మేలు వల్ల ఆ పని మళ్ళీ మళ్ళీ జరగడాన్ని శాస్త్రంలో పునర్బలనం అంటారు. ఇందులో కీలకం 'వెంటనే' అన్న మాటే, ఎందుకంటే కాసేపు ఆగి ఇచ్చిన ముక్కను కుక్క అప్పటికి తాను చేస్తున్న వేరే పనికి ముడిపెట్టుకుంటుంది.

దెబ్బ విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పొద్దున చెప్పు కొరికిన కుక్కను మధ్యాహ్నం కొడితే అది చెప్పును తలచుకోదు, కొట్టిన చేతినే గుర్తు పెట్టుకుంటుంది. ఇక్కడికి ఎగువన రాజమహేంద్రవరంలో 11వ శతాబ్దిలో నన్నయ తెలుగు చేసిన భారతం ఆదిపర్వంలోనే, ఏ తప్పూ చేయని కుక్కపిల్లను జనమేజయ మహారాజు తమ్ముళ్ళు కొట్టడం, దాని తల్లి సరమ రాజు వద్దకు వచ్చి నిలదీయడం ఉన్నాయి. గోదావరి ఒడ్డున పుట్టిన కావ్యం మొదట్లోనే కుక్క పక్షాన ఒక తల్లి న్యాయం అడగడాన్ని ఈ ప్రాంతవాసులు మరవకూడదు. దారిలో కొన్ని ఇళ్ళ ముందు పగలంతా గొలుసుకు కట్టివేసి ఉన్న కుక్కలు కనిపించాయి, అవి మొరగడం తప్ప వేరేమీ నేర్చుకోలేదు. గొలుసు కుక్కను ఆపుతుందే గాని దానికి ఏమీ నేర్పదు.

రాజోలు దాటి సఖినేటిపల్లి రేవుకు చేరితే వసిష్ఠ మీద నరసాపురం వెళ్ళే పంటు ఉంటుంది. ఇంజను మోత, మోటారు సైకిళ్ళు, బుట్టలు, కొత్త మనుషులు కిక్కిరిసిన అలాంటి పడవలో కుక్క నెమ్మదిగా కూర్చోవాలంటే దానికి పునాది పసితనంలోనే పడాలి. పుట్టిన మూడో వారం నుంచి సుమారు 12వ వారం వరకు కుక్కపిల్ల కొత్తవాటిని భయం లేకుండా స్వీకరిస్తుంది; దీన్ని సాంఘికీకరణ దశ అంటారు. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే పరిశోధకులు ఏళ్ళ తరబడి కుక్కలను పరిశీలించి 1965లో వెలువరించిన గ్రంథం ఈ దశ విలువను లోకానికి చాటింది. టీకాలు పూర్తికాని పిల్లను నేల మీద వదలకుండా చంకనెత్తుకుని అయినా రేవు, సంత, బడి దారి చూపించడం మేలు.

రోజువారీ ఆనందానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. పొద్దు వాలాక కాలువగట్టు మీద కుక్క వేగానికి తగ్గట్టు, అది వాసన చూసినచోటల్లా ఆగుతూ నడవడమే దానికి పండుగ, మనిషికి విశ్రాంతి. కుక్కకు చెమట ప్రధానంగా పాదాల మెత్తల్లోనే పడుతుంది, ఒళ్ళు చల్లబరచుకోవడానికి అది రొప్పాలి; తేమ నిండిన కోస్తా గాలిలో రొప్పడం అంతగా పనిచేయదు కనుక ఎండపూట నడక తగదు. ఇంటికి వచ్చాక చెవుల లోపల, వేళ్ళ సందుల్లో పిడుదుల కోసం వెతకడం, ఒళ్ళు నిమరడం ఒకే పనిగా సాగిపోతాయి. మిగిలిన చేపల పులుసు అన్నంలో కలిపి పెట్టే అలవాటును మాత్రం మానుకోవాలి: అందులోని ఉల్లిపాయ కుక్క రక్తకణాలను దెబ్బతీస్తుంది, ముల్లు గొంతులో దిగుతుంది.

కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, పశువైద్యులు చెప్పిన గడువుకు బూస్టరు, ఆపైన ఏటేటా మరొకటి వేయించాలి. ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ నుంచి బతికి బయటపడడం దాదాపు అసాధ్యం.