జామచెట్టు కింద కందిరీగ

ఫ్లోరిడాలో ఇల్లు కొనగానే పెరట్లో జామచెట్టు వేశాను. అయిదో యేడు విరగకాసింది. కోస్తే లోపలంతా తెల్లపురుగులు! కరిబియన్ పండు ఈగ పిల్లలవి. "మందన్నా కొట్టండి, చెట్టన్నా కొట్టెయ్యండి" అంది మా ఆవిడ.

మందు డబ్బా తెచ్చిన రోజునే, రాలిన పండుమీద చిన్న ఎర్రటి కందిరీగ కనబడింది. ఒంటికంటే తోకే పొడుగు. అది తోక కాదనీ, గుడ్లు పెట్టే సూది అనీ తరవాత చదివి తెలుసుకున్నాను. తొక్కలోంచి సూది దించి, లోపల మెసిలే పురుగు ఒంట్లో గుడ్డు పెడుతుంది. ఈగ కావలసిన పురుగు దీని పిల్లకి ఆహారమైపోతుంది. ఆ ఈగల పని పట్టడానికే 1972లో దీన్నిక్కడ వదిలారు. పుట్టిల్లు మన ఆసియా వైపే. మనలాగే వలస వచ్చిందన్న మాట!

పురుగు పైకి కనబడదు గదా, మరెలా పోల్చుకుంటుంది? మగ్గి మురిగే పండు వాసన దాన్ని రమ్మని పిలుస్తుంది. అంతవరకూ పుట్టుకతో వచ్చిన తెలివి. ఆపైన నేర్చుకున్నది. ఒక రకం పండులో పురుగు దొరికిందంటే ఆ వాసన గుర్తుపెట్టుకుని, మళ్లీ అలాంటి పండునే వెతుక్కుంటూ పోతుంది. (కొత్త ఊళ్లో బజారుకెళితే నా కాళ్లు జామపళ్ల దగ్గరే ఆగుతాయి. నన్నెవరూ పరిశోధించలేదు.)

మందు కొడితే ఈగతోబాటు, నా చెట్టు వాసన నేర్చుకున్న ఈ కందిరీగా చస్తుంది. డబ్బా షెడ్డులో పెట్టేసి, అందిన పిందెలకి కాగితం సంచులు కట్టాను. అందని కొమ్మలు కందిరీగకి వదిలేశాను. అన్ని పురుగులనీ అదీ పట్టలేదు. మా ఆవిడ ఒక్క యేడు గడువిచ్చింది.

నిన్న పై కొమ్మలవి ఇరవై కోయించాను. పదకొండు బాగున్నాయి. తక్కిన తొమ్మిదీ ఆవిడకింకా చూపించలేదు.