పందుల కోసం రైఫిల్ చేయించేవాళ్లకి

మొక్కజొన్న విత్తిన రాత్రే పందులు దిగుతాయి. సాలు వెంట ముట్టెతో తవ్వుకుంటూ గింజ గింజా ఏరుకు తింటాయి. టెక్సస్‌లో సేద్యం చేసేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, ఊళ్లో ఉన్న మన రైతులకీ చెప్పక్కర్లేదు. కాకపోతే అక్కడ లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడమే నేరం, కాబట్టి ఈ పోస్టు ఇక్కడ పొలాలున్నవాళ్లకి.

"అన్నా, సెమీ కస్టమ్ రైఫిల్ ఎవరి దగ్గర చేయించాలి?" అని అడుగుతున్నారు. షాపులో దొరికేది రెడీమేడ్ చొక్కా అనుకుంటే, పూర్తి కస్టమ్ అంటే గుడ్డ కొని కుట్టించుకోవడం. ఇది మధ్యరకం. మోడల్ వాళ్లదే, బ్యారెల్, స్టాక్ లాంటివి వాళ్లు చూపించేవాట్లో మనం ఎంచుకోవచ్చు. వేల డాలర్ల వ్యవహారం, చేతికి రావడానికి నెలలు.

అందరూ మొదట గ్యారంటీ అడుగుతారు. 100 గజాల్లో అంగుళం లోపల పడుతుందంటారు. సరే, ఎన్ని తూటాలు? మూడు ఒకచోట పడటం అదృష్టం కూడా కావచ్చు. 5 తూటాలకి, అదీ బజార్లో దొరికే ఫ్యాక్టరీ తూటాలతో మాటిస్తే అప్పుడు వినండి.

నేను ముందు అడిగేది వేరు. "రేపు నువ్వు షాపు మూసేస్తే దీన్ని ఎవరు బాగుచేస్తారు?" బోరు మోటారు కొనేటప్పుడు వైండింగ్ చేసేవాడు దగ్గర్లో ఉన్నాడా అని చూడమా? సౌత్ డకోటాలో డకోటా ఆర్మ్స్ అని మంచి పేరున్న కంపెనీ ఉండేది. 2009లో రెమింగ్టన్ కొనేసింది. 2020లో రెమింగ్టనే దివాలా తీస్తే అన్నీ ముక్కలుగా అమ్మేశారు. అందుకే యాక్షన్ ఏ కొలతలదో అడగండి. రెమింగ్టన్ 700 వచ్చింది 1962లో, దాని కొలతలకి ఇప్పటికీ చాలామంది యాక్షన్లు చేస్తున్నారు. అలాంటిదైతే ట్రిగ్గర్, స్టాక్ ఇంకొకరి దగ్గరైనా దొరుకుతాయి. వాళ్ల సొంత డిజైన్ అయితే, ఎంత ముద్దుగా ఉన్నా నేను డబ్బు పెట్టను.

ఇంకోటి, స్టాక్ పొడవు. ఫ్యాక్టరీవి సాధారణంగా 13.5 అంగుళాల దగ్గర్లో ఉంటాయి. నాలాంటి పొట్టివాడికి, చలికోటు మీద, అది భుజానికి కుదరదు.

ఇవన్నీ ఇద్దరిని అడిగాను. ఒకాయన వెబ్‌సైట్ చూసుకోమన్నాడు. రెండో ఆయన నా చేతి కొలత అడిగి, పందుల్ని ఎంత దూరం నుంచి కొడతావన్నాడు. "ట్రక్కు దిగి నడిచేది లేదు కదా, ఖరీదైన కార్బన్ బ్యారెల్ నీకెందుకు, మామూలు స్టీలు చాలు" అన్నాడు. అడ్వాన్సు ఆయనకే కట్టాను.