మెల్బోర్నులో కేకు కొలను

మనం భోగిమంటల చుట్టూ చేరి చలికాచుకునే రోజుల్లో మెల్బోర్నులో ఎండ మండిపోతూ వుంటుంది. జనవరి అక్కడ నడివేసవి. ఒకరోజు నలభై డిగ్రీలు దాటుతుంది. మర్నాడు దక్షిణపు గాలి తిరిగిందంటే శాలువా వెతుక్కోవాలి. మా అమ్మాయీ అల్లుడూ వుండేది ఆ నగరానికి పడమట టార్నీట్ అనే పేటలో. వీధిలో నడుస్తూ వుంటే పంజాబీ వినిపిస్తుంది, తెలుగు వినిపిస్తుంది. కొట్లో గోంగూర దొరుకుతుంది. అంచేత పరాయిదేశం వచ్చానని నాకు అనిపించింది విమానం దిగినప్పుడు కాదు, మా మనవడి అయిదో పుట్టినరోజుకి కేకు తలపెట్టినప్పుడు.

అక్కడ చాలా ఇళ్లలో ఆ కేకు కొనుక్కురారు. తల్లో తండ్రో ముందురోజు రాత్రి మేలుకుని ఏదో ఒక ఆకారంలో చేస్తారు. ఈ సరదా ఇంతగా పాకడానికి ఒక పుస్తకం కారణం. ‘ఆస్ట్రేలియన్ విమెన్స్ వీక్లీ’ అని 1933లో పుట్టిన పత్రిక వుంది (తరవాత మాసపత్రిక అయినా పేరులోని వీక్లీని మాత్రం వదులుకోలేదు లెండి). వాళ్లు 1980లో పిల్లల పుట్టినరోజు కేకుల పుస్తకం వేశారు. పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. అట్టమీద రైలుబండి, పెట్టెల నిండా మొక్కజొన్న పేలాలు. లోపల ఒక బాతు వుంది, దాని ముక్కు బంగాళాదుంప చిప్సు! చెయ్యి తిరిగిన వంటవాళ్లే చెయ్యాలని లేదు. కేకుని కోసి, అతికి, కొట్లో దొరికే బిస్కట్లూ బిళ్లలూ గుచ్చితే సరి. 2020లో ‘బ్లూయీ’ అనే పిల్లల బొమ్మల కథలో ఒక తండ్రి ఈ బాతుకేకుతో పడే తిప్పలు చూపించారు. మా అల్లుడు అది చూసి నవ్వలేదు.

మావాడు పుటలు తిరగేసి ఈతకొలను దగ్గర ఆగాడు. గుండ్రని కేకు, నడిమి గుంటలో జెల్లీ నీళ్లు, చుట్టూ చాక్లెట్ బిస్కట్ల కంచె, ఈదుతున్న బొమ్మలు. వేలు అక్కడినించి తియ్యకుండానే, “అమ్మమ్మా, ఇది నువ్వు తింటావు కదూ?” అన్నాడు.

వాడలా అడగడానికి కారణం వుంది. వాడి మూడో పుట్టినరోజుకీ నేను అక్కడే వున్నాను. అందరికీ తనే ముక్కలు పెడుతూ నా దగ్గరికి వచ్చాడు. అందులో గుడ్లున్నాయి, నేను తినను. చెయ్యి చాచుకుని ఎంతసేపు నిలబడ్డాడో! చివరికి వాళ్లమ్మ వచ్చి తీసుకుపోయింది.

గుడ్డు సంగతి పెద్ద చిక్కు కాదు. కప్పు పెరుగులో ముప్పావు కప్పు చక్కెర కరిగించి, అరచెంచా సోడా, చెంచాంపావు బేకింగ్ పౌడరు కలిపితే నురగలా పొంగుతుంది. అరకప్పు నూనె, కప్పున్నర మైదా చేర్చి 180 డిగ్రీల వేడిలో ముప్పావుగంట లోపల దింపెయ్యొచ్చు. అసలు పేచీ నీళ్లదగ్గర వచ్చింది. జెల్లీ పొట్లంలో వుండే జెలటిన్ పశువుల తోళ్లనుంచీ ఎముకలనుంచీ తీసేది.

“నీకు వేరే చిన్న కేకు చేస్తానమ్మా,” అంది అమ్మాయి.

“వేరే కేకు వాడి కేకెలా అవుతుందే?” అన్నాను.

చైనా గ్రాస్ గుర్తొచ్చింది. నా చిన్నతనంలో మా అమ్మ పాలలో వేసి గడ్డకట్టించేది. అది సముద్రపు నాచు సరుకు. ఫుట్‌స్క్రేలో తప్పక దొరుకుతుందని అల్లుడన్నాడు. 2015లో తెరిచిన టార్నీట్ స్టేషనులో రైలెక్కి వెళ్లాం. 1975లో వియత్నాం యుద్ధం ముగిశాక తరలివచ్చిన కుటుంబాలు ఎన్నో ఆ పేటలో నిలదొక్కుకున్నాయి. వీధి పొడుగునా నిమ్మగడ్డి కట్టలు, పనసతొనలు, చేపల బుట్టలు, పేర్లు తెలియని ఆకుకూరలు. ఒక కొట్లో నా వయసు ఆవిడే కూర్చుని వుంది. ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను పొడి పొట్లం చూపించగానే అయిదు వేళ్లూ గిన్నెలా పట్టి, బుడగలు వస్తున్నట్టు ఆడించి, “బాగా, బాగా,” అన్నట్టు తలవూపింది. అంటే మరగాలన్నమాట. నిజమే, గోరువెచ్చని నీళ్లలో అది కరగదు.

అర లీటరు నీళ్లలో రెండు చిన్న చెంచాల పొడి వేసి రెండు నిమిషాలు తెర్లించాం. చక్కెర, రెండు చుక్కల నీలం రంగు. వేడిది కేకులో పోస్తే అడుగంతా నానిపోతుందని స్టీలు పళ్లెంలో పోసి, గట్టిపడ్డాక ఫోర్కుతో చిదిపి గుంటలో సర్దాం. అచ్చం అలలే! బిళ్లల పొట్లాల వెనక చిన్నచ్చులన్నీ అల్లుడు కళ్లద్దాలు పెట్టుకుని పరీక్షగా చదివాడు.

కంచె పూర్తయ్యాక మావాడు గేటేదన్నాడు. ఆ రాష్ట్రంలో 30 సెంటీమీటర్లకి మించి లోతున్న ఇంటి కొలనుకి కంచె, తనంతట మూసుకునే గేటు వుండి తీరాలని చట్టం. చట్టం మా కేకుకీ వర్తించింది. రెండు బిస్కట్లు అడ్డంగా అతికించాం.

పుట్టినరోజు నాడు ముప్పయ్యెనిమిది డిగ్రీలు. విందు పార్కులో. ఊరివాళ్లెవరైనా వాడుకునేందుకు అక్కడ కరెంటు పొయ్యిలు పెట్టి వుంచుతారు. పిల్లలు కేకలు, తండ్రులు మొక్కజొన్న కండెలు కాలుస్తూ చెమటలు. జెలటిన్ మన ఒంటివేడికే కరుగుతుంది. ఆ ఎండలో కొలను తెగి బల్లమీద పారేదే. చైనా గ్రాస్ దాదాపు 85 డిగ్రీలదాకా వేడెక్కితేగాని కరగదు. వెన్న పూత జారింది, కంచె ఒకవైపు ఒరిగింది, నీళ్లు మాత్రం కదల్లేదు. ఒక పిల్లవాడి తల్లి వచ్చి రెండుసార్లు కదిపి చూసి, పొడి పేరు రాసుకుంది.

కొవ్వొత్తులు ఆర్పి మావాడు గేటు తీశాడు. ఆ పక్కనించే ముక్క కోయించుకుని, నీలం వేళ్లతో నా నోటిదాకా తెచ్చాడు. తిన్నాను. చక్కెర కాస్త ఎక్కువైంది.