యంత్రముల జమాత్

పదిమంది నడచినదే బాట అన్న మన పెద్దల సామెత నేడు యంత్రలోకంలో కూడ చెల్లుబాటవుతున్నది. మా కళాశాల వార్షిక సంచికను కుడివైపునుండి తెరచిన ఉర్దూ, ఎడమవైపునుండి తెరచిన తెలుగు దర్శనమిస్తాయి. పాత సంచికల కాగితం పొడియై రాలిపోవుచున్నందున, వాటి ఛాయాప్రతులను, విషయసూచికను భద్రపరచుటకు కంప్యూటరు శాఖ మిత్రులు మూడు సర్వర్లను నెట్‌వర్కుతో కలిపి ఒక క్లస్టరుగా కూర్చారు. దాని ప్రారంభాన్ని తెలుగు ఉపన్యాసకులమైన మేము ఆసక్తితో తిలకించాము.

ప్రతి సర్వరుకు తక్కిన రెండింటి చిరునామాలు ముందుగానే తెలియజేయబడినవి. మొదటి సర్వరు ఒంటరిగా మేల్కొని నాయకత్వానికి తన వోటు తానే వేసుకొన్నది. మూడింట ఒక వోటు చాలదు గనుక ఏమియు వ్రాసుకొనక వేచియున్నది. రెండవది లేచి వోటు వేయగానే నాయకత్వము స్థిరపడినది. ఇమాముతోపాటు ఒక్కరున్నను జమాత్ ఏర్పడుతుందన్న నియమము మాకు స్ఫురించింది. మూడవది ఆలస్యముగా వచ్చి, తాను లేనప్పుడు జరిగిన వ్రాతలన్నిటిని నాయకునినుండి స్వీకరించి వరుసలో నిలిచినది.

ఈ పద్ధతి పేరు రాఫ్ట్. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన డీగో ఓంగారో, జాన్ ఔస్టర్‌హౌట్ 2014లో దీనిని ప్రకటించారు. అందరు ఒకేసారి నాయకత్వము కోరిన వోట్లు చీలిపోవును గదా! అందుకై ప్రతి సర్వరు యాదృచ్ఛికముగా ఎంచుకొన్న కొంత వ్యవధి ఆగుతుంది. 150 నుండి 300 మిల్లీసెకండ్లను వారు ఉదాహరణగా చూపినారు. అంతకుముందే లెస్లీ లాంపోర్ట్ ఇటువంటి సమస్యనే పాక్సోస్ అను గ్రీకు ద్వీపములోని కల్పిత శాసనసభ కథగా వ్రాయగా, అది 1998లో అచ్చయినది. శాస్త్రజ్ఞుడు కథకుడైన ఈ ఉదంతము సాహిత్య విద్యార్థులకు ముచ్చట గొల్పక మానదు.

మూడింట ఒకటి, ఐదింట రెండు చెడిపోయినను పని ఆగదు. నాలుగున్నను ఒక్కదాని లోటునే తట్టుకొనగలవు. నెట్‌వర్కు తెగి రెండు ఒకవైపు, ఒకటి వేరొకవైపు మిగిలినచో, ఆ ఒంటరి సర్వరు కొత్త వ్రాతను అంగీకరించదు. ఇరుపక్షములు వ్రాసినచో ఒకే గ్రంథమునకు రెండు చరిత్రలు పుట్టును.

అల్పసంఖ్యాక విద్యాసంస్థలో పనిచేయు మమ్ము ఈ నియమము ఆలోచింపజేసినది. అల్పసంఖ్య మౌనము వహించుట న్యాయమేనా? యంత్రముల విషయమున న్యాయమే. ఆ మూడింటివద్ద ఉండవలసినది ఒకే గ్రంథము. అధికసంఖ్య అంగీకరించి స్థిరపరచిన వ్రాత ఏదియు ఆ మౌనమువలన నశించదు. దారి కలిసిన వెంటనే ఒంటరి సర్వరు దానిని తిరిగి పొందును. మానవ సమాజము అట్టిది కాదు. ఇచట ఎవరి గ్రంథము వారిది. కొద్దిమంది ఎరిగిన మాట, వారి ఇంటి జ్ఞాపకము, వారి భాషలోని సొగసు అధికసంఖ్యాకులవద్ద నకలుగా ఉండవు. ఆ కొద్దిమంది మౌనము వహించినచో ఆ పుట అందరికిని నష్టమే.

కావున విద్యార్థి మిత్రులారా, లెక్కకు తక్కువవారమని కలము దించకండి. ఉర్దూవైపునుండి గాని, తెలుగువైపునుండి గాని మీ పుటను మీరే వ్రాయండి. వ్రాసినదానిని యంత్రములు కాపాడగలవు. వ్రాయనిదానిని అవి కాపాడలేవు.