పైపూత

గడచిన సంవత్సరం మే నెలలో మా సంఘంలో ఒక పెండ్లి జరిగింది. పెండ్లికుమార్తెను తీసుకొని వచ్చుటకు మా ఊరి రిటైర్డు హెడ్మాస్టరు గారు తన తెల్ల అంబాసిడర్ కారు ఇచ్చారు. అది 1984 నాటిది. భార్య బ్రదికియున్న దినాలలో ఇద్దరూ రూపాయి రూపాయి కూడబెట్టి కొనుక్కున్నారు. ఆమె పోయిన తరువాత కూడా ప్రతి శనివారం సాయంత్రం ఆయన దానిని కడగక మానరు.

ఆ దినం డ్రైవరు రాలేదు గనుక నేనే నడిపాను. మందిరం గేటు మలుపులో వెనుక తలుపు ఇనుప గొళ్ళేనికి రాసుకున్నది. దిగి చూస్తే బొటనవ్రేలి గోరంత మేర రంగు లేచిపోయి రేకు కనబడుతున్నది.

చెప్పవలసిన మాట అప్పుడే చెప్పాలి. నేను చెప్పలేదు. మందిరం కిటికీలకు వేయగా మిగిలిన తెల్ల ఎనామిల్ పెయింటు తెచ్చి, దుమ్మయినా తుడవకుండా ఆ చోట పూశాను. తెలుపు తెలుపే గదా అనుకున్నాను. మాస్టారికి చూపు మందగించింది గనుక కనిపెట్టలేదని నిమ్మళపడ్డాను.

ఆగస్టులో ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత ఆయన తలుపు దగ్గర వంగి వ్రేలితో తడుముతున్నారు. నేను పూసిన చోట రంగు పొక్కివలె ఉబ్బింది. దాని క్రింద నుండి గోధుమరంగు చార కారింది. "అయ్యగారూ, ఇది కూడా నావలె లోపల పాడైపోతున్నట్టున్నది. ఎవరికైనా అమ్మేద్దామనుకుంటున్నాను" అన్నారు.

ఇక నోరు మూసుకొని ఉండలేకపోయాను. జరిగినదంతా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "గీత పడినందుకు బాధ లేదు అయ్యగారూ. ఇన్నాళ్ళూ దాన్ని నేనే పాడుచేశాననుకున్నాను, అందుకు బాధ" అన్నారు. ఆ మాట నాకు సూటిగా తగిలింది. చివరకు, "బాగుచేద్దాం. చేతులు మీవి, మాట నాది" అన్నారు.

ఆ దినమే నా పెయింటంతా గీకివేశాము. మురికి, మైనం ఉన్న రేకును రంగు పట్టుకోదు. అంచు క్రింద నుండి తడి దూరుతుంది. పుట్టిన తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించి పైపూతను లేపుతుంది. గనుక మొదట సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాము. చాకు మొనతో తుప్పు తీసి, 400 నంబరు వాటర్ పేపరును తడిపి, రేకు మెరిసేవరకు, అంచులు వ్రేలికి తగలకుండా పోయేవరకు రుద్దాను. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు గనుక పొడిగా రుద్ది ఆ దుమ్ము పీల్చకూడదు, పిల్లలను దగ్గరకు రానీయకూడదు. బయటపడిన రేకుకు అదే దినం రెడ్ ఆక్సైడ్ ప్రైమరు పూశాము. ఒక్క రాత్రి తడి గాలి తగిలినా మరల తుప్పు మొదలవుతుంది. అసలు రంగు మాత్రం వానలు వెలిసేవరకు ఆపాము.

డిసెంబరులో మాస్టారు డిక్కీ లోపల కనబడని చోట థిన్నరు తడిపిన నల్లగుడ్డతో రుద్దించారు. గుడ్డకు తెలుపు అంటింది. మునుపు షెడ్డులో వేయించినది ఎన్.సి. పెయింటే, మన దుకాణాల్లో డ్యూకో అంటారే, అదేనని తేలింది. ఎనామిల్ మీద ఆ థిన్నరు పడితే పాత రంగు ముడతలు పడుతుంది. గనుక ఈ పరీక్ష తప్పనిసరి.

తరువాత తలుపుకు పాలిష్ పట్టి, కారునే దుకాణం దగ్గరకు తీసుకొని పోయాము. ఏండ్ల తరబడి ఎండకు తెలుపు పాలమీగడ రంగుకు తిరిగింది. దుకాణదారుడు తెలుపులో చుక్క పసుపు, చుక్క నలుపు కలిపి, పగటి వెలుతురులో సరిచూసి ఇచ్చాడు.

నీడలో కూర్చొని సన్నని కుంచెతో పలుచగా పూశాను. అరగంట ఆరనిచ్చి మరొక పూత. థిన్నరు ఎగిరిపోతున్నకొలది రంగు క్రుంగుతుంది గనుక, చుట్టూ ఉన్న రంగుకంటె రవ్వంత ఎత్తు వచ్చేవరకు ఆరు పూతలు పట్టాయి. తొందరపడి ఒక్కసారే దట్టంగా వేస్తే పైన ఎండి లోపల పచ్చిగా ఉంటుంది. రెండు వారాలు ముట్టుకోలేదు. పిమ్మట 2000 నంబరు పేపరుతో, సబ్బునీళ్ళతో మెల్లగా సమం చేసి, రబ్బింగ్ కాంపౌండుతో మెరుగుపెట్టాము.

బెంగాలులోని ఉత్తర్‌పారాలో ఈ కారు తయారీ 2014లోనే నిలిచిపోయింది. ఉన్నవాటిని కాపాడుకొనవలసిందే. మాస్టారు అమ్మే మాట మరల ఎత్తలేదు.

దగ్గరకు వచ్చి చూస్తే ఆ మచ్చ ఇప్పటికీ కొంచెం తెలుస్తుంది. మొన్న ఎవరో అడిగితే, "అది మా అయ్యగారి పనితనం" అని మాస్టారు నవ్వారు. నేనూ నవ్వాను, తల మాత్రం వంచుకున్నాను. ప్రియ పాఠకులారా, మీ చేతివలన ఇతరుల వస్తువుకు గీత పడితే ఆ దినమే చెప్పండి. గోరంత చోటును దాచబోయి నేను ఒక పెద్దాయన చేత నెలల తరబడి తనను తానే నిందించుకొనేలా చేశాను.